గాలిపటానికి కట్టిన ఫోను, మన ఇంకుడు గుంత

అమ్మలకు, నాన్నలకు, రోజూ పిల్లల్ని గేటు దాకా తెచ్చి దించే అవ్వాతాతలకు నమస్కారం.

యూనిట్ టెస్టు పేపర్లు పిల్లల చేతికే ఇచ్చి పంపాం, చూసి సంతకం పెట్టి పంపండి. ఈ నెల ఉత్తరమంతా గాలిపటం గురించే. "బడిలో గాలిపటాలు ఎగరేయిస్తున్నారంట, మరి చదువో?" అని గేటు దగ్గర కొందరు అడిగారు. అడగడం మంచిదే, అందుకే వివరంగా రాస్తున్నాను.

మన అనంతపురం వైపు ఆషాఢం గాలి ఎట్లా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు, రామగిరి గుట్టల మీద గాలిమరలు నిలబెట్టింది ఆ గాలిని చూసే కదా. ఆ గాలితోనే మన బడిని పైనుంచి ఫోటో తీద్దామని ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలు మూడు శనివారాలు కష్టపడ్డారు. డ్రోను లేదు, రిమోటు లేదు. గొడుగు గుడ్డతో కుట్టిన రెండు మీటర్ల త్రికోణపు గాలిపటం, వెదురు బద్దలు, మందపాటి నూలు తాడు, ఐదు సెకన్లకొక ఫోటో దానంతటదే తీసేలా పెట్టిన ఒక పాత ఫోను. అంగట్లో దొరికే కాగితం పటం తన బరువు మోసుకోగలదు గానీ ఫోను మోయలేదు.

ఇది ఎప్పటి నుంచో ఉన్న పని. 1888లో ఫ్రాన్స్‌లో ఆర్థర్ బాట్యూ అనే ఆయన తన ఊళ్ళో గాలిపటానికి కెమెరా కట్టి పైకి పంపాడు. కింద నుంచి బటన్ నొక్కే దారి లేదు కాబట్టి మెల్లగా కాలే వత్తి పెట్టాడు, అది కాలి చివరికొచ్చినప్పుడు కెమెరా షట్టర్ పడేది. 1906లో శాన్ ఫ్రాన్సిస్కో భూకంపం తర్వాత జార్జ్ లారెన్స్ అనే ఫోటోగ్రాఫర్ వరసగా కట్టిన గాలిపటాలతో ఇరవై కిలోలు దాటిన కెమెరాను సుమారు 600 మీటర్ల ఎత్తుకు లేపి, కూలిపోయిన ఊరంతా ఒకే ఫోటోలో పట్టాడు. ఈ రెండు కథలూ చెప్పినప్పుడు పిల్లలు కదలకుండా విన్నారు.

మొదటి శనివారం ఫోటోలన్నీ పాడైపోయాయి. ఫోనును ఒక్క దారంతో వేలాడదీశాం, అది ఊగి, గిర్రున తిరిగి, ఒక్క ఫోటో కూడా నిలకడగా రాలేదు. తర్వాత 1912లో పికావే అనే ఫ్రెంచి ఆయన కనిపెట్టిన పద్ధతి పట్టుకున్నాం. రెండు చెక్కముక్కల్ని కూడిక గుర్తులా అడ్డంగా కలిపి, నాలుగు కొసలకూ నాలుగు రింగులు పెట్టి, ఒకే దారాన్ని వాటన్నిట్లోంచి తిప్పి, పైన గాలిపటం తాడుకు రెండు చోట్ల కట్టాలి. తాడు ఎంత వాలినా దారం రింగుల్లో జారి సర్దుకుంటుంది, కింద ఫోను మాత్రం మట్టంగా ఉంటుంది. మనవాళ్ళు మొదట కొసల దగ్గర ముళ్ళు వేసేశారు, ముడి పడితే దారం జారదు, మొత్తం ఒక పక్కకు ఒరిగిపోయింది. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకామె ఆ ముళ్ళు విప్పి, ఇంటి నుంచి కర్టెన్ రింగులు తెచ్చి వేసి, దారానికి సబ్బు రుద్దింది. ఆ పిల్ల నాలుగు మూలలూ వేలితో ఒక్కొక్కటే నొక్కి చూసుకుంటుంటే నేను పక్కనే కూర్చుని చూశాను. టెన్షన్ అంతా నాదే, ఆమె చేతులు మాత్రం వణకలేదు.

ఫోనును గాలిపటానికి కట్టరు, తాడుకు కడతారు. ముందు పటం పైకి పోయి గాలిలో కుదురుకున్నాక, దాని కింద పాతిక మీటర్ల తాడు వదిలి అక్కడ తగిలించాలి. ఇక ఎంత ఎత్తు అంటారా, పదో తరగతి లెక్కల్లో గాలిపటం, ఊర్ధ్వకోణం అని వస్తుంది చూడండి, అదే లెక్క. కోణమానినికి దారంతో రాయి వేలాడగట్టి చూస్తే తాడు 50 డిగ్రీల వాలులో ఉంది, ఫోను దాకా తాడు 55 మీటర్లు, అంటే ఎత్తు 42 మీటర్లు. తాడు మధ్యలో కాస్త కుంగుతుంది కాబట్టి అసలు ఎత్తు ఇంకొంచెం తక్కువే ఉంటుందని లెక్కల సార్ అన్నారు. త్రికోణమితి అంటేనే భయపడే పిల్లలు ఆ రోజు నోటుబుక్కులు పట్టుకుని ఆయన వెనకాలే తిరిగారు.

ఇప్పుడు అసలు సంగతి. మూడో శనివారం సాయంత్రం ఐదింటికి తీసిన ఫోటోల్లో ఎండ ఏటవాలుగా పడి, నేల మీద చిన్న ఎత్తుపల్లాలకు కూడా నీడలొచ్చాయి. వాన నీళ్ళు పారిన చార స్పష్టంగా కనిపించింది. వంటగది వెనక మొదలై, వేపచెట్టు చుట్టూ తిరిగి, నేరుగా గేటు దాటి రోడ్డు మీదికి పోతోంది. కిందటి వేసవిలో మనం చెమటోడ్చి తవ్విన ఇంకుడు గుంత ఆ దారికి పది అడుగుల పక్కన ఉంది! ఇన్నాళ్ళూ దాని పక్కనుంచే నడుస్తున్నా ఎవరికీ తెలియలేదు. వానే తక్కువగా పడే జిల్లా మనది, పడిన నాలుగు చినుకులూ రోడ్డు పాలవుతున్నాయంటే నాకు నిజంగా బాధేసింది.

జాగ్రత్తల గురించి కూడా అడిగారు. గాజుపొడి మాంజా, నైలాన్ మాంజా బడి గేటు లోపలికి రానివ్వం; 2017లోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ నైలాన్ మాంజాను నిషేధించింది, ఇంట్లో ఉంటే దయచేసి పారేయండి. కరెంటు తీగలు లేని తూర్పు బయలులోనే ఎగరేస్తాం, తాడు పట్టే పిల్లలకు గ్లౌజులు, పక్కన ఇద్దరు టీచర్లు. 1934 నాటి విమానాల చట్టంలో (2025లో దాని చోట కొత్త చట్టం వచ్చింది) విమానమంటే ఏమిటో చెప్పినచోట గాలిపటాన్నీ కలిపారు, కాబట్టి ముందుగా పోలీస్ స్టేషన్‌లో చెప్పాకే పైకి పంపాం. చుట్టుపక్కల మిద్దెలు, ఇళ్ళ పెరళ్ళు పడిన ఫోటోలన్నీ సైన్స్ మేడం ఆ రోజే తీసేశారు.

ఆదివారం పొద్దున ఏడింటికి, విత్తనం పని లేనివాళ్ళు పార, గడ్డపార, గంప పట్టుకుని రండి. నీళ్ళ దారి నుంచి ఇంకుడు గుంత దాకా చిన్న కాలువ తవ్వాలి, ఎక్కడ తవ్వాలో పిల్లలు సున్నంతో గీత వేసి ఉంచారు. ఇంట్లో అద్దం పగిలినా కెమెరా పనిచేసే పాత ఫోను ఉంటే ఇవ్వండి, ఇప్పుడున్నదాని బ్యాటరీ అరగంట కూడా రావడం లేదు. మంచి వాన పడిన మర్నాడు మళ్ళీ గాలిపటం పైకి పంపి, ఫోటో నోటీసు బోర్డు మీద పెడతాం.

మీ ప్రధానోపాధ్యాయురాలు