కొండ ఎక్కినవాళ్ళు దిగారో లేదో ఎవరు చూస్తున్నారు?

ఎడిటర్ గారికి నమస్కారం,

మన వైజాగ్ లో కొండల మీదకి నడకకి వెళ్ళేవాళ్ళు ఈమధ్య బాగా పెరిగారు, దాంతోపాటే "ఒంటరిగా వెళ్ళకండి, ముఖ్యంగా ఆడవాళ్ళు" అనే మాట కూడా ఎక్కువైపోయింది. నేను టీచర్ ని, నాకు 46 ఏళ్ళు, చాలా ఏళ్ళ నుంచి ఒక్కదాన్నే కొండలు ఎక్కుతున్నాను. ఆ మాట గురించి నాలుగు ముక్కలు చెప్పాలనే ఈ లెటర్. ముందు గత మే నెలలో నాకు జరిగింది చెప్తాను. ఏ కొండో ఏ గేటో పేరు రాయడం లేదు, రాస్తే అక్కడ డ్యూటీలో ఉన్న ఒకరిద్దరు కుర్రాళ్ళ మీద పడతారు, అసలు తప్పు వాళ్ళది కాదు.

రోహిణి కార్తె వచ్చిన రెండో రోజో మూడో రోజో, ఆదివారం. ఆ రోజుల్లో మనకి ఐదున్నర లోపే సూర్యుడు వచ్చేస్తాడు, నేను ఆరింటికల్లా గేటు దగ్గర ఉన్నా, గేటు తీసింది మాత్రం ఎనిమిదిన్నరకి. అప్పటికే చెప్పులు లేకుండా నేల మీద నిలబడలేం. టికెట్ తీసుకున్నా, బ్యాగ్ లో అగ్గిపెట్టె సిగరెట్లు ఉన్నాయేమో చూశారు, అది మంచి పనే, ఎండాకాలంలో ఎండుటాకుల మీద ఒక్క నిప్పురవ్వ పడితే కొండ కొండంతా అంటుకుంటుంది. కానీ పేరు అడగలేదు, ఫోన్ నంబర్ అడగలేదు, ఎన్నింటికి దిగుతారు అని అడగలేదు. "వెనకాల ఎవరన్నా వస్తున్నారా మేడమ్" అని మాత్రం అడిగారు, ఎవరూ లేరు అంటే ఎగాదిగా చూసి వదిలేశారు.

ఎక్కడం బాగానే ఎక్కాను. పైనుంచి సముద్రం, హార్బర్ లోకి వెళ్ళడానికి వరసలో ఆగిన షిప్పులు, వెనక్కి తిరిగితే ఒక్క ఇల్లు కూడా కనపడని అడవి. ఇంత పెద్ద ఊరి పక్కనే ఇంత నిశ్శబ్దం ఉండడం ఎంత అదృష్టమో మనకి తెలియట్లేదు అనిపిస్తుంది నాకు ప్రతిసారీ.

కష్టమంతా దిగేటప్పుడే వచ్చింది. దారి రెండుగా చీలిన చోట ఒక రాయి మీద పసుపు పెయింట్ తో బాణం గుర్తు ఉంది, దాన్ని నమ్మి ఎడమకి తిరిగాను. పావుగంట నడిచాక తుప్పలు తప్ప దారి లేదు. వెనక్కొచ్చి ఆ రాయిని సరిగ్గా చూస్తే అప్పుడు అర్థమైంది, అది నేలలో పాతుకున్న బండ కాదు, మనిషి దొర్లించగల రాయి, కింద వైపు మట్టి అంటుకుని ఎండిపోయి ఉంది, అంటే ఏ వర్షానికో దొర్లి తిరిగిపోయింది, బాణం దారి వైపు కాకుండా లోయ వైపు చూపిస్తోంది. మన కొండల్లో ఎక్కువ ఖొండలైట్ రాయి, అది పొడి పొడిగా విరిగి ఎర్రమట్టి గులకలా అయిపోతుంది, వానకి జారిపోతూ ఉంటుంది, అలాంటి చోట కదిలే రాళ్ళ మీద గుర్తులు వేస్తే అవి ఎన్నాళ్ళు నిలబడతాయి?

ఆ వెనక్కీ ముందుకీ తిరగడంలో ఇంకో గంట పోయింది. తెచ్చుకున్న 2 లీటర్లలో అరలీటరు కూడా లేదు. రెంటచింతల ఎండ ముందు మనదెంత, ఇక్కడ అంత వేడి ఉండదు కదా అంటారు చాలామంది, కానీ చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది, సముద్రం పక్కన ఆ ఉక్కలో చెమట ఆరదు, ఊరికే కారిపోతూ ఉంటుంది, నీళ్ళూ పోతాయి ఉప్పూ పోతుంది వేడి మాత్రం ఒంట్లోనే ఉండిపోతుంది. తల దిమ్ముగా అయిపోయింది. ఒకే వెలగ చెట్టు దగ్గరికి రెండుసార్లు వచ్చాను. కొండకి అవతల వైపు సిగ్నల్ లేదు, టవర్ కోసం వెతుక్కుని వెతుక్కుని ఫోన్ చార్జింగ్ 60 నుంచి 22 కి పడిపోయింది, అప్పుడు గుర్తొచ్చి ఫ్లైట్ మోడ్ లో పెట్టాను.

కింద ఎండిపోయిన గెడ్డ కనపడింది. నీళ్ళు పారే దారి కాబట్టి ఎలాగూ కిందకే తీసుకెళ్తుంది అనుకుని దిగబోయాను. అప్పుడు పక్క జీడితోటలోంచి ఒక కేక, "అమ్మా, అటు దిగకు!" అని. జీడిపిక్కలు ఏరుకుంటున్న ముసలాయన, చేతిలో గోనె సంచి. "ఆ గెడ్డలోకి దిగినావంటే కిందన నిలువు బండ ఉంది తల్లీ, దిగలేవు, మల్లీ ఎక్కలేవు" అన్నాడు. నన్ను చెట్టు కింద కూర్చోబెట్టి తడిగుడ్డ చుట్టిన సీసాలో నీళ్ళు ఇచ్చాడు, అందులోనే నా దగ్గర మిగిలిన ఓఆర్ఎస్ పొడి కొంచెం కలుపుకుని తాగాను. అప్పుడు అడిగాడు, "ఏటమ్మా, ఒక్కదానివే వచ్చీసినావా? ఇంటికాడ చెప్పొచ్చినావా?"

మొత్తం రోజులో ఆ ప్రశ్న నన్ను అడిగింది ఆయన ఒక్కడే.

ఆయన చూపించిన దారిలో దిగి గేటు దగ్గరికి వచ్చేసరికి ఒంటిగంటన్నర, అక్కడ ఎవరూ లేరు, భోజనానికి వెళ్ళినట్టున్నారు. నేను దిగాను అని చెప్పుకోవడానికి కూడా మనిషి లేడు. సాయంత్రం గేటు వేసేటప్పుడు ఎన్ని టికెట్లు తెగాయో లెక్క ఉంటుంది, ఎంతమంది తిరిగొచ్చారో లెక్క ఉండదు. నేను ఆ గెడ్డలో కాలు విరిగి పడి ఉన్నా ఆ తాళం అలాగే పడేది. నాకు ఆ రోజు రాత్రి నిద్ర పట్టలేదు అంటే దారి తప్పినందుకు కాదు, ఈ సంగతి తలుచుకునే.

అందుకే ఒంటరిగా వెళ్ళనివ్వొద్దు అనేవాళ్ళతో నేను ఒప్పుకోను. నలుగురు కలిసి వెళ్ళినా ఆ బాణం ఎడమకే తీసుకెళ్తుంది, ఒకరి బదులు నలుగురు తప్పిపోతారు. ఆపేస్తే జనం మానరు, కంచె సందుల్లోంచి దూరతారు, అప్పుడు ఆ టికెట్ లెక్క కూడా ఉండదు. పక్కనే కంబాలకొండ లాంటి 70 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం, చిరుతలు తిరిగే అడవి ఉంది మనకి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అలాంటి చోటికి పర్మిషన్ లేకుండా వెళ్ళకూడదు, అది న్యాయమే, కానీ ఎక్కడైనా సరే పర్మిషన్ ఇచ్చి లోపలికి పంపిన మనిషి బయటికొచ్చాడా లేదా చూసే బాధ్యత కూడా ఇచ్చినవాళ్ళదే కదా.

మన ఊరికి ఇది చేతకాని పని కాదు. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు లక్షల మంది నడుస్తారు, దారి పొడుగునా మంచినీళ్ళు, మజ్జిగ, మెడికల్ క్యాంపులు పెడతాం. అన్ని హంగులు నేను అడగట్లేదు. గేటు దగ్గర ఒక నోట్ బుక్, అందులో పేరు, ఫోన్ నంబర్, ఎక్కిన టైమ్, దిగిన టైమ్. ఏప్రిల్ నుంచి జూన్ దాకా గేటు ఐదున్నరకే తీసి, పది దాటాక పైకి ఎవర్నీ పంపకుండా ఉంటే చాలు, సగం వడదెబ్బ భయం తగ్గుతుంది. దారి చీలే ప్రతి చోట పాతిన స్తంభం, దాని మీద ఒక నంబర్. ఈ నంబర్ చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ 112 కో 108 కో ఫోన్ చేసినప్పుడు "ఏదో వెలగ చెట్టు దగ్గర ఉన్నాను" అంటే ఎవరొస్తారు, "7వ నంబర్ స్తంభం దగ్గర" అంటే కొండ ఎరిగిన ఎవరైనా నేరుగా వస్తారు. ఆ స్తంభాలు ఎక్కడ పాతాలో చెప్పడానికి ఆ జీడితోట తాత లాంటివాళ్ళని అడిగితే చాలు, వాళ్ళకి తెలియని మలుపు లేదు.

నడిచేవాళ్ళ తప్పులు కూడా ఉన్నాయి, నేనూ ఆ రోజు ఇంట్లో "సాయంత్రానికి వచ్చేస్తా" అని మాత్రమే చెప్పాను, ఏ దారిలో వెళ్తున్నానో చెప్పలేదు. ఇప్పుడు రాసి పెట్టి వెళ్తున్నాను.

డిసెంబర్ లో అదే కొండకి మళ్ళీ వెళ్ళాను. నోట్ బుక్ ఇంకా లేదు. ఒక చీటీ మీద నా పేరు, మా ఇంటి నంబర్, "11 కి దిగుతాను" అని రాసి గేటు దగ్గర అబ్బాయికి ఇచ్చి, నేను వచ్చేదాకా ఉంచు బాబూ అన్నాను. టికెట్ బుక్ కింద పెట్టుకున్నాడు. పదకొండుకి ఇంకో పది నిమిషాలు ఉందనగా దిగి వస్తుంటే ఆ అబ్బాయి చీటీ చేతిలో పట్టుకుని గేటు బయట నిలబడి దారి వైపు చూస్తున్నాడు.

ఇట్లు
ఒక పాఠకురాలు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం