నల్ చెక్ తీసేయమని కంపైలర్ ఎప్పుడూ చెప్పలేదు

సంపాదకులకు,

మీ టెక్నాలజీ పేజీలో కంపైలర్ల (మనం రాసిన కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే ప్రోగ్రాముల) గురించి వచ్చిన వ్యాసం చదివాను. చాలా భాగం బాగుంది. ఒక్క చోట మాత్రం ఆగిపోయాను. మెమరీ అడిగితే దొరక్కపోవడమనేది ఇక జరగదని కంపైలర్లే ఒప్పుకున్నాయట, కాబట్టి మాలాక్ (సి భాషలో మెమరీ అడిగే ఫంక్షన్) తర్వాత నల్ చెక్ (మెమరీ దొరక్క అది 'నల్' అనే ఖాళీ విలువ ఇచ్చిందేమో చూసుకోవడం) రాయడం ఒట్టి పాత అలవాటట. 19 ఏళ్లుగా సి భాషలో కోడ్ రాసి బతుకుతున్నదాన్ని. నేను చదివి ఊరుకునేదాన్నే, కానీ మా టీమ్‌లో కొత్తగా చేరిన అబ్బాయి ఆ పేపర్ తెచ్చి నా బల్ల మీద పెట్టి, "మేడమ్, చూశారా?" అన్నాడు.

సి కోడ్‌కు బాగా వాడే జీసీసీ కంపైలర్‌లో అలాంటి ఊహ ఒకటి ఉన్నమాట నిజమే. మాలాక్ ఇచ్చిన పాయింటర్‌ని (మెమరీలో చోటు ఎక్కడో చెప్పే విలువను) నల్‌తో పోలుస్తూ ఇఫ్ షరతు రాస్తే, నల్ కాని దారిలో పోయే అవకాశం 99.96 శాతమని అది లెక్క వేస్తుంది. అంటే పదివేల సార్లు అడిగితే నాలుగుసార్లే మెమరీ దొరకదని. ఇది ఎవరో కొలిచి తెచ్చిన అంకె కాదు, 'దాదాపు ఎప్పుడూ ఇంతే' అనడానికి కంపైలర్ లోపల పెట్టుకున్న స్థిరాంకం. మామూలు పాయింటర్ మీద ఇంత ధీమా ఉండదు, 70 దగ్గర ఆగిపోతుంది. ఏ దారి ఎక్కువగా నడుస్తుందో ప్రోగ్రామర్ పనిగట్టుకుని బిల్టిన్ ఎక్స్‌పెక్ట్ అనే సూచన రాసి చెప్పినా, వేరే సెట్టింగ్ ఇవ్వకపోతే 90 శాతమే నమ్ముతుంది. మన మాట కంటే మాలాక్ మాట మీదే దానికి గురి ఎక్కువ! ఈ తరహా ఊహలు కొత్తవి కూడా కావు. ప్రోగ్రామును నడపకుండానే బ్రాంచ్ (ఇఫ్ లాంటి చోట కోడ్ చీలే దారి) ఎటు పోతుందో చెప్పే సూత్రాలను 1993లోనే థామస్ బాల్, జేమ్స్ లారస్ అనే పరిశోధకులు ఇచ్చారు. పాయింటర్ సాధారణంగా నల్ కాదన్నది వాటిలో ఒకటి.

ఇంతకీ ఆ ఊహతో కంపైలర్ చేసేది కోడ్‌ను సర్దుకోవడం. ఎక్కువగా నడుస్తుందనుకున్న దారిని వరసగా పెడుతుంది, అరుదైన దారిని ఫంక్షన్ చివరికి నెడుతుంది. ఆ దారిలో ఉన్న ఫంక్షన్లను ఇన్‌లైన్ చేయడానికీ, అంటే విడిగా కాల్ లేకుండా వాటి కోడ్‌ను అక్కడే ఇమడ్చడానికీ, పెద్దగా ఉత్సాహం చూపదు. సామాను అటక మీద పెట్టడం లాంటిదే, పారేయడం కాదు. చెక్ అలాగే ఉంటుంది, నల్ వచ్చిన రోజున అదే దారిలో పోతుంది. ప్రోగ్రాము నడిచేటప్పుడు ఏ దారిలో పోవాలో ప్రాసెసర్ ముందే ఊహించుకునే బ్రాంచ్ ప్రెడిక్షన్ వేరే సంగతి. అది జరిగినదాన్ని చూసి నేర్చుకుంటుంది, కంపైలర్ వేసిన శాతాలు దానికి తెలియవు. మీ వ్యాసంలో ఈ రెండూ కలిసిపోయాయి.

లినక్స్‌లో మాలాక్ చాలాసార్లు నిజంగా ఉన్న మెమరీకంటే ఎక్కువే ఇస్తానంటుంది. తీరా ఆ మెమరీని వాడబోయినప్పుడు లేకపోతే, కెర్నల్ (లినక్స్ అసలు గుండె) ఏదో ఒక ప్రాసెస్‌ను, అంటే నడుస్తున్న ప్రోగ్రామును, చంపుతుంది. వ్యాసకర్త అనుభవం బహుశా ఇదే అయ్యుంటుంది, అక్కడ నల్ కనపడటం నిజంగానే తక్కువ. కానీ అలా ఎక్కువ ఇవ్వకుండా ఓవర్‌కమిట్ సెట్టింగ్ 2లో పెట్టిన యంత్రాలున్నాయి. ప్రోగ్రాము వాడే మెమరీకి యూలిమిట్ ఆదేశంతో హద్దు గీసినవీ ఉన్నాయి. ఇవేవీ లేకపోయినా, లెక్క తప్పి సైజు మైనస్‌లోకి పోతే అది మైనస్ లేని సైజ్‌టీ రకంలో కొండంత అంకె అయి కూర్చుంటుంది. అప్పుడు ఎంత ఉదారమైన కెర్నల్ అయినా కుదరదనే అంటుంది. లినక్సే లేని చిన్న పరికరాల సంగతి సరేసరి.

నా అనుభవం అలాంటి పరికరంతోనే. నెట్‌వర్క్ ప్యాకెట్లు అందుకునే పెట్టె అది. ప్యాకెట్ల కోసం ముందే కట్టిపెట్టిన మెమరీ పూల్ ఒకటి, అందులో 512 బఫర్లు (ఒక్కో ప్యాకెట్ పట్టే చోట్లు). పూల్ ఖాళీ అయితే మా ఫంక్షన్ నల్ ఇస్తుంది, వచ్చిన ప్యాకెట్‌ను వదిలేస్తాం. రద్దీ ఉన్నప్పుడు ఇది నిమిషానికి కొన్ని వేలసార్లు జరిగే పని, దీన్ని తప్పిదం అని కూడా అనం. ఎప్పుడో, ఎవరో (నేనే) ఆ ఫంక్షన్‌కి మాలాక్ అనే యాట్రిబ్యూట్ (కంపైలర్‌కి ఇచ్చే గుర్తు) తగిలించాను. అది ఇచ్చే పాయింటర్ ఇంకెవరి పాయింటర్‌తోనూ కలవదని చెబితే కంపైలర్ కాస్త మెరుగైన కోడ్ ఇస్తుందని ఆశ. కొన్నేళ్లు ఏ గొడవా లేదు. కంపైలర్ కొత్త వెర్షన్‌కి మారాక, సరిగ్గా రద్దీ ఉన్నప్పుడే ప్యాకెట్ వదిలేయడానికి పట్టే సమయం పెరిగింది. అంటే తీరిక బొత్తిగా లేనప్పుడే పని నెమ్మదించింది. మూడు రోజులు లాకింగ్ (ఒకేసారి నడిచే పనులు ఒకదాని కోసం ఒకటి ఆగడం) మీద అనుమానపడి తిరిగాను. చివరికి కంపైలర్ ఇచ్చిన యంత్రస్థాయి కోడ్ (అసెంబ్లీ) తీసి చూస్తే, ప్యాకెట్ వదిలేసే కోడ్ ఫంక్షన్ అట్టడుగున ఉంది. అంతకుముందు లోపలే ఇమిడిపోయిన చిన్న ఫంక్షన్ ఇప్పుడు విడిగా కాల్ అవుతోంది. ఆ యాట్రిబ్యూట్ ఉన్న ఫంక్షన్ సాధారణంగా నల్ ఇవ్వదనే ఊహిస్తానని జీసీసీ తన మాన్యువల్‌లోనే చెప్పుకుంది. నేను చదివిన రోజుల్లో ఆ వాక్యం లేదో, ఉన్నా నా కంటపడలేదో. యాట్రిబ్యూట్ తీసేశాను, కోడ్ తిరిగి తన చోటికి వచ్చింది.

అంత తప్పు ఊహలో కూడా మా పెట్టె నెమ్మదించిందే తప్ప కూలిపోలేదు, ఎందుకంటే చెక్ అక్కడే ఉంది.

కంపైలర్ నిజంగానే చెక్ తీసేసే సందర్భం ఒకటుంది, దానికీ ఈ శాతాలకూ సంబంధం లేదు. పాయింటర్‌ని ముందు వాడేసి, తర్వాత అది నల్ అవునా కాదా అని చూస్తే, 'వాడావంటే నల్ కానట్టే' అని అది ఆ చెక్‌ను ఎత్తేస్తుంది. 2009లో లినక్స్ కెర్నల్‌లోని టన్ డ్రైవర్‌లో (నెట్‌వర్క్ పనికి సంబంధించిన భాగం) సరిగ్గా ఇలా జరిగి సెక్యూరిటీ లోపంగా బయటపడింది. దాని తర్వాత కెర్నల్‌ను కంపైల్ చేసేటప్పుడు అలాంటి చెక్‌లను ముట్టుకోవద్దని ఆప్షన్ పెట్టారు. మీ వ్యాసకర్త భయపెట్టదలచుకుంటే దీని గురించి రాయొచ్చు.

మా కుర్రాడు నిన్న ఒక ఫైల్లో నల్ చెక్‌లన్నీ తీసేసి రివ్యూకి పంపాడు, కారణం దగ్గర మీ పత్రిక పేరు రాశాడు. తిప్పి పంపాను. దయచేసి ఆ వాక్యానికి సవరణ వేయండి, అదీ అదే పేజీలో వేయండి. అతను మీ పేపర్లో చదివేది ఆ ఒక్క పేజీనే.

ఇట్లు,
ఒక పాఠకురాలు