మంచు చరియల హెచ్చరిక బోర్డుల గురించి పర్వత రక్షణాధికారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారి గారికి,

కొండదారి మొదట్లో మీ శాఖ పెట్టిన బోర్డు మీద ‘ప్రమాద స్థాయి 3’ అని మాత్రమే ఉంటోంది. అయిదింటిలో మూడంటే మధ్యస్థమే కదా అనుకుని జనం ముందుకు సాగుతున్నారు. నిజానికి ఆ స్థాయిలో ఒక్క మనిషి బరువుకే చరియ తెగిపడవచ్చు, మరణాల్లో పెద్ద వాటా కూడా అలాంటి రోజులదే.

దయచేసి అంకె పక్కన కారణం కూడా రాయించండి. పాత మంచులో పంచదార పలుకుల్లాంటి బలహీనమైన పొర ఒకటి ఉండి, దాని మీద గాలి మోసుకొచ్చిన మంచు గట్టి పలకలా పేరుకున్నప్పుడు, 30 నుంచి 45 డిగ్రీల వాలు ఎంత ప్రశాంతంగా కనిపించినా నమ్మదగినది కాదు. ఆ పలుకులను గుప్పిట పడితే ముద్ద కట్టవు, వేళ్ల సందుల్లోంచి జారిపోతాయి. అడుగు వేయగానే మంచు ‘ధుమ్’మని కుంగినా, కాలి దగ్గర నుంచి పగులు పాకినా అక్కడి నుంచే వెనక్కి తిరగాలి. ముందు వెళ్లినవారి అడుగుజాడలు ఉన్నాయన్న ధీమా (ఒకప్పుడు నాకూ ఉండేది) ఏ రక్షణా ఇవ్వదు.

పూర్తిగా కూరుకుపోయినవారు బతికే అవకాశం సుమారు 15 నిమిషాల్లోపే బాగా పడిపోతుంది కనుక, మీ బృందం చేరేలోగా వెతకవలసింది తోటివారే. బీకన్ (కూరుకుపోయినవారి జాడ తెలిపే సంకేత పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలని అదే బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయించి, ఏ దిక్కు వాలులు, ఏ ఎత్తులో ప్రమాదకరమో రోజూ ఉదయమే మార్చి పెట్టించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పర్వతారోహకుడు