మా దుకాణం ముందు నుంచి పోయిన సైకిలు

మాకు సైకిళ్లు ఇచ్చే వారందరికీ ఈ సంగతి నేనే చెప్పాలి. బాగు చేయమని ఇచ్చిన ఒక సైకిలు పోయిన నెలలో మా దుకాణం ముందు నుంచి ఎవరో ఎత్తుకుపోయారు. తప్పు నాది.

అది సీతానగరం నుంచి ప్రకాశం బ్యారేజీ మీదుగా రోజూ విజయవాడ వన్‌టౌన్‌కు పనికి వచ్చే ఒక పెద్దాయన సైకిలు. పుస్తకాల బైండింగ్ చేస్తారు. పొద్దున వదిలి, సాయంత్రం తీసుకువెళతానన్నారు. పెడల్ ఇరుసులో బాల్స్ మార్చి, వెనక చక్రం బెండు తీసి మధ్యాహ్నానికల్లా సిద్ధం చేశాం. లోపల చోటు చాలక మెట్ల పక్కన నిలబెట్టి, వెనక చక్రానికి ఉండే రింగు తాళం వేశాం. ఆ తాళం చక్రాన్ని తిరగనివ్వదు, అంతే. సైకిలును ఎత్తి ఆటోలో వేసుకునేవాడిని అది ఆపలేదు. కొనేవారికి ఈ మాట ఎన్నిసార్లు చెప్పానో! అయినా ఆ రోజు ఆ తాళాన్నే నమ్మాను.

సాయంత్రం ఆయన వచ్చి నిలబడితే నాకు నోట మాట రాలేదు. విషయం విని కాసేపు మెట్ల వైపు చూశారు. “సరేలే బాబూ, ఈ పూటకు ఆటోలో పోతాను” అన్నారు. కోప్పడి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

మర్నాడు ఇద్దరం పోలీసు స్టేషన్‌కు వెళ్లి ఫిర్యాదు ఇచ్చాం. ఫ్రేమ్ నంబరు అడిగారు. ఆయన దగ్గర పాత బిల్లు లేదు. నా పుస్తకంలో ఆయన పేరు, చేయాల్సిన పని తప్ప మరేమీ లేవు. నల్ల సైకిలు, 28 అంగుళాల చక్రాలు అని మాత్రం చెప్పగలిగాం. ఈ ఊళ్లో అలాంటివి ఎన్ని ఉంటాయో మీకు తెలుసు.

మా గోడ మీద “వస్తువులు పోతే దుకాణానికి బాధ్యత లేదు” అని నాన్నగారి కాలం నాటి బోర్డు ఒకటి ఉండేది. న్యాయవాది అయిన ఒక ఖాతాదారు దాన్ని చూసి, 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 151వ సెక్షన్ గురించి చెప్పారు. మన దగ్గర ఉంచిన పరాయి వస్తువును, వివేకం గల మనిషి తన వస్తువును చూసుకున్నంత జాగ్రత్తగా చూడాలట. చట్టం సరే, మరమ్మతుకు తీసుకున్న సైకిలు విషయంలో బోర్డు చూపించి తప్పుకోవడానికి నాకు మనసు ఒప్పలేదు. అదే రోజు తీసేశాను.

బదులు సైకిలు ఇవ్వడంలోనూ మొదట పొరబడ్డాను. పోయినదాని కంటే ఖరీదైనది ఇస్తే న్యాయం చేసినట్టేనని, దుకాణంలో ఉన్న గేర్ల సైకిలు ఇచ్చాను. నాలుగో రోజు ఆయన దాన్ని నడిపించుకుంటూ తెచ్చారు. చైను కవరు లేక ప్యాంటుకు గ్రీజు అంటుతోంది. క్యారియర్ లేక అన్నం క్యారేజీ హ్యాండిల్‌కు తగిలిస్తే అటూ ఇటూ ఊగుతోంది. మడ్‌గార్డులు లేక వానకు వీపంతా బురద. లావు టైర్లు, ముందు ఫోర్కులో స్ప్రింగులు తొక్కిన బలాన్ని మింగేస్తుంటే, బ్యారేజీ మీద ఎదురుగాలికి మోకాళ్లు పట్టేస్తున్నాయి. గేర్ల సైకిళ్లు మంచివి కావని అనడం లేదు. ఆయన రోజూ చేసే ప్రయాణానికి అది సరిపోలేదు, అది నేను ముందే అడిగి తెలుసుకోవలసింది.

ఈసారి ఆయన్ను కూర్చోబెట్టి కొలతలు తీసుకున్నాను. పొడుగు మనిషి కనుక 24 అంగుళాల ఫ్రేమ్, 28 అంగుళాల చక్రాలు, పూర్తి చైను కవరు, గట్టి క్యారియర్, స్ప్రింగుల సీటు. మడమ పెడల్ మీద పెట్టి కిందికి తొక్కితే కాలు తిన్నగా చాపుకునేంత ఎత్తులో సీటు బిగించాను. పుల్లల బిగువు ఒక్కొక్కటీ చేత్తో చూశాను. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గడం కొంత కలిసొచ్చింది. ఖర్చంతా దుకాణానిదే, దీని పేరు చెప్పి మరమ్మతు రేట్లు పెంచను.

ఇక నుంచి మా దగ్గరికి వచ్చే ప్రతి సైకిలు ఫ్రేమ్ నంబరు పుస్తకంలో రాసి, ఫోటో తీస్తాం. సాధారణంగా అది సీటు కింది గొట్టం మీదో, పెడల్ ఇరుసు గొట్టం అడుగునో చెక్కి ఉంటుంది. మా దగ్గర కొన్నా కొనకపోయినా మీ సైకిలు తీసుకురండి, నంబరు చూసి కాగితం మీద రాసి ఇస్తాం, డబ్బు తీసుకోం. సిద్ధమైన సైకిలు ఇక బయట ఉండదు. లోపల పట్టినన్నే తీసుకుంటాం కాబట్టి కొన్నిసార్లు మీ పని ఒక రోజు ఆలస్యం కావచ్చు. దయచేసి ఓర్చుకోండి.

పోయిన సైకిలు కోసం ఇంకా వెతుకుతూనే ఉన్నాం. నల్ల రంగు, చైను కవరు మీద సొట్ట, క్యారియర్‌కు కుడి వైపు పసుపు తాడు చుట్టి ఉంటుంది. ఎక్కడైనా కనిపిస్తే మీరు అడ్డగించవద్దు. ఒక ఫోటో తీసి, చోటు గుర్తుపెట్టుకుని దుకాణానికి చెప్పండి.