నాజర్ కథ మన వీధుల్లో: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

కిందటి సర్వసభ్య సమావేశంలో మనం ఒక మాట అనుకున్నాం. ఏడాదికి పది పుస్తకాలు పైపైన పరిచయం చేసే బదులు ఒక్క పుస్తకాన్నే పట్టుకుని ఊరంతా తిరగాలని. ఎంచుకున్నది బుర్రకథ పితామహుడు షేక్ నాజర్ జీవితకథ ‘పింజారి’. ఆయన స్వయంగా చెబుతుంటే అంగడాల వెంకట రమణమూర్తి గారు రాసిపెట్టిన పుస్తకం. గుంటూరు జిల్లా పొన్నెకల్లు మనిషి గురించి విశాఖపట్నంలో ఇంత హడావుడి ఎందుకని అప్పుడే ఇద్దరు ముగ్గురు సభ్యులు అడిగారు. న్యాయమైన ప్రశ్నే, అందుకే ముందు దాని సంగతి చెబుతాను.

నాజర్ 1920 ఫిబ్రవరి 5న దూదేకుల, అంటే పింజారి, కుటుంబంలో పుట్టారు. పుస్తకానికి ఆ పేరు అందుకే. కుట్టుపని చేసి బతికారు. వామపక్ష కళాకారుల సంఘమైన ప్రజానాట్యమండలిలోకి వచ్చాక, జంగాలు చెప్పే పాత కథారూపంలోకి తన కాలపు సంగతులు తెచ్చారు. పల్నాటి యుద్ధం చెప్పిన గొంతుతోనే బెంగాల్ కరువు చెప్పారు. అల్లూరి సీతారామరాజు కథా చెప్పారు. 1954 నాటి ‘అగ్గిరాముడు’ సినిమాలో ఆ బుర్రకథ చూసినవాళ్ళు మనలో ఇంకా ఉన్నారు. సీతారామరాజు పుట్టింది మన భీమిలి దగ్గరి పాండ్రంగిలో. 1922 ఆగస్టులో ఆయన దళం దాడి చేసిన చింతపల్లి, కృష్ణదేవిపేట పోలీస్ స్టేషన్లు మన మన్యంలోవి. మన కొండల కథను ఊరూరా పాడి వినిపించిన మనిషి నాజర్. ఆయన కథను మన ఊళ్ళో చదవడం నా దృష్టిలో బాకీ తీర్చడమే. అందుకే మొదటి పఠనం జూలై 4న, అల్లూరి జయంతి రోజున పెట్టుకున్నాం.

ఆ మొదటి పఠనం బాగా జరగలేదు. ఆ సంగతి కమిటీ దాచదలచుకోలేదు. నలభై నిమిషాల పాటు ఏకధాటిగా చదివాం. విజయనగరం వైపు నుంచి పిలిపించిన బుర్రకథ దళం ముగ్గురూ వేషాలు కట్టుకుని, గజ్జెలు కట్టుకుని, వేదిక పక్కన ప్లాస్టిక్ కుర్చీల్లో చూస్తూ కూర్చున్నారు. జనం సగం మంది ఫోన్లలో ఉన్నారు. కథ మొదలయ్యే వేళకి పిల్లలు నిద్రలోకి జారుకున్నారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర దళం పెద్దాయన ఒక మాట చెప్పారు. "మీరు ఒక్కరే చదువుతున్నారు బాబూ. కథ ఒక్కడు చెబితే నిలబడదు. మా వంతని మీ పక్కన నిలబెట్టండి" అన్నారు.

బుర్రకథ చూసినవాళ్ళకి ఇది తెలిసిందే. మధ్యలో తంబురతో కథకుడు, రెండు పక్కలా డక్కీలనే తోలు వాద్యాలతో వంతలు. ఒకరు హాస్యం, ఇంకొకరు రాజకీయం. కథకుడు మాట ఆపితే వంత అందుకుంటాడు, "ఆహా, అప్పుడేమయింది?" అని అడుగుతాడు. జనం మనసులో ఉన్న ప్రశ్నే అతని నోట వస్తుంది. రెండో పఠనం నుంచి అలాగే చేశాం. మన సభ్యురాలు ఒకరు పుస్తకం పట్టుకుని చదువుతుంటే పక్కన హాస్యపు వంత నిలబడి "తందానా" అని అందుకున్నాడు. ఆమె పేజీ తిప్పుతూ ఆగిన చోటల్లా "మరి ఆ పూట తిండెలాగండీ?" అని అడిగాడు. ఏడెనిమిది నిమిషాలు చదవడం, ఆ ఘట్టానికి తగిన బుర్రకథ ముక్క ఒకటి పాడటం, మళ్ళీ చదవడం. నోటితో చెప్పిన జీవితకథ కాబట్టి అది మళ్ళీ నోటికి ఎక్కడానికి కష్టపడలేదు. పుస్తకంలోని వాక్యం ఒక్కటీ మార్చలేదని ఇక్కడ స్పష్టంగా రాస్తున్నాను, ఎందుకంటే ఆ అనుమానం ఒక సభ్యుడు లిఖితంగా అడిగారు.

ఆ తర్వాత గాజువాక, కంచరపాలెం, ఎంవీపీ కాలనీల్లో చదివాం. ఆరిలోవలో జరిగినది నాకు అన్నిటికంటే ఇష్టమైనది. ముందుగా మాట్లాడుకున్న హాలు వాళ్ళు ఆ రోజు మధ్యాహ్నం ఇవ్వలేమన్నారు. టెన్షన్ పడుతూనే ఒక అపార్ట్‌మెంట్ మేడ మీదకి మార్చాం. సముద్రపు తేమకి డక్కీల చర్మం మెత్తబడి మోత రాలేదు. కింద ఇస్త్రీ బండి ఆయన తన బొగ్గుల కుంపటి ఇచ్చాడు. వాద్యాలు కాచుకుంటుంటే చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు ఏమిటో చూద్దామని పైకి వచ్చారు, వచ్చినవాళ్ళు వెళ్ళలేదు. ఒక ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని "కళ్ళంలో కూకుని తెల్లారేదాకా ఇనేవోళ్ళం బాబూ" అంది. ఆమెకు చదువు రాదు. పుస్తకం అట్ట మీద చెయ్యి వేసి తడిమి మనవరాలికి ఇచ్చింది. ఆ పిల్ల ఇప్పుడు మన సభ్యురాలు.

అక్కడే ఇంకో అమ్మాయి, ఆడవాళ్ళు బుర్రకథ చెప్పరా అని అడిగింది. ప్రజానాట్యమండలి రోజుల్లోనే మోటూరి ఉదయం గారి మహిళా దళం ఊళ్ళు తిరిగి కథ చెప్పిందని చెప్పాం. దాంతో సెలవుల్లో ఆడపిల్లలకు తంబుర పట్టడం, అడుగు వేయడం నేర్పించే తరగతి అనుకోకుండా మొదలయింది. ఇది మన పాత ప్రణాళికలో లేదు, ఉండాల్సింది.

ఫిబ్రవరి 5 జయంతికి, 22 వర్ధంతికి రెండు సభలు జరిగాయి. రెండోదానికి నాజర్ 1986లో పద్మశ్రీ అందుకోవడం, 1997లో కన్నుమూయడం దాకా ఉన్న విషయాలు మన వక్తలు చెప్పారు. ఉపన్యాసాలు కొంచెం ఎక్కువయ్యాయి.

డబ్బు సంగతి. జమాఖర్చుల పత్రం విడిగా అందుతుంది. అందులో కళాకారుల పారితోషికం పద్దు పెద్దదిగా కనిపిస్తుంది, షామియానా, మైకుల కంటే పెద్దది. కావాలనే అలా పెట్టాం. ముగ్గురు మనుషులు బస్సెక్కి వచ్చి రెండు గంటలు గొంతు చించుకుని పాడితే శాలువా కప్పి పంపడం మన సంఘానికి తగదు. బయల్దేరే ముందే సగం డబ్బు చేతికి ఇచ్చే పద్ధతి పెట్టాం, వచ్చే ఏడాదీ దాన్నే కొనసాగించాలని కమిటీ కోరుతోంది.

పుస్తకాల గురించి కూడా చెప్పాలి. పఠనం అవ్వగానే అందరూ అడిగేది "పుస్తకం ఎక్కడ దొరుకుతుంది?" అనే. జిరాక్స్ తీసి పంచుదామన్నారు కొందరు. రాసినవాళ్ళ కష్టం గురించి చదివి వినిపించి, ఆ పుస్తకాన్నే జిరాక్స్ తీయడం బాగోదని వద్దన్నాం. మన దగ్గరున్న మూడు ప్రతులే పదిహేను రోజుల గడువుతో చేతులు మారుతున్నాయి. ఒకటి గాజువాకలో ఉంది, ఒకటి మధురవాడలో. మూడోది ఆరిలోవలో ఆ మనవరాలి దగ్గరే ఉంది, నాయనమ్మకి రోజుకి రెండు పేజీలు చదివి వినిపిస్తోందట. గడువు దాటింది గానీ మేం అడగలేదు. కావలసినవాళ్ళు మిగతా రెండింటికి పేర్లు రాయించుకోగలరు.

— కార్యదర్శి