లీవర్ రైఫిల్‌కి రీలోడింగ్ మొదలుపెడుతున్నవారికి, మా షాపు నుంచి

కస్టమర్లందరికీ నమస్కారం.

ఇక్కడ అమెరికాలో జింకల వేట సీజన్ దగ్గరపడేకొద్దీ ఒకే రకం ఫోన్లు వస్తున్నాయి. "లీవర్ యాక్షన్ రైఫిల్ కొన్నానండీ. తూటాల డబ్బా ధర చూస్తే గుండె గుభేలుమంటోంది. ఇంట్లోనే రీలోడ్ చేసుకుంటాను, మంచి కిట్ ఒకటి పంపించండి" అని. లీవర్ యాక్షన్ అంటే ట్రిగ్గర్ దగ్గరి పిడిని ఆడించి తూటా ఎక్కించే రైఫిల్. రీలోడింగ్ అంటే కాల్చేసిన తూటా ఖాళీ కేసుని మళ్లీ నింపి వాడుకోవడం. ఇప్పటిదాకా అడిగినదే పంపాం. ఇకమీదట మొదటిసారి రీలోడింగ్‌లోకి వస్తున్నవారికి ప్రోగ్రెసివ్ ప్రెస్ (ఒక్క లాగుకి చాలా పనులు చేసే యంత్రం) అమ్మం, సింగిల్ స్టేజ్ ప్రెస్ (లాగుకి ఒకే పని చేసేది) మాత్రమే ఇస్తాం. ప్రోగ్రెసివ్‌లోనే మాకు మిగిలేది ఎక్కువ. ఆ నష్టం లెక్క వేసుకునే ఈ నిర్ణయం తీసుకున్నాం.

ఎందుకో చెప్పేముందు ఒక చట్టం సంగతి. మన తెలుగువాళ్లలో చాలామందికి ఇది తెలియదు. హెచ్1బీ, ఎఫ్1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవారు అమెరికాలో తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉండటం లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. అదే చట్టంలో 'అమ్యునిషన్' అంటే తయారైన తూటా ఒక్కటే కాదు. ఖాళీ కేసులు (తూటా లోహపు గొట్టాలు), ప్రైమర్లు (అడుగున నిప్పు పుట్టించేవి), బుల్లెట్లు (తూటాలోంచి ముందుకి దూసుకెళ్లే ముక్కలు), పౌడర్ (మందు) కూడా అందులోకే వస్తాయి. అంటే రైఫిల్ లేకపోయినా ఒక ప్రైమర్ల డబ్బాతో చిక్కుల్లో పడొచ్చు. తెలిసి అమ్మితే మాకూ నేరమే. మీ సంగతి ఏమిటో లాయర్‌తో తేల్చుకున్నాకే ఆర్డర్ పెట్టండి. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు.

ఇక అసలు విషయం. ఒహాయో, ఐయోవా లాంటి రాష్ట్రాల్లో జింకల వేటకి మామూలు రైఫిల్ తూటాలు కుదరవు, స్ట్రెయిట్ వాల్ తూటాలకి (కేసు పైదాకా సన్నబడకుండా నిటారుగా ఉండేవాటికి) మాత్రం అనుమతి ఉంది. లీవర్ రైఫిళ్లకి మళ్లీ ఇంత గిరాకీ రావడానికి అదొక పెద్ద కారణం. .357 మాగ్నమ్, .44 మాగ్నమ్, .45-70 మా దగ్గర ఎక్కువగా అడిగేవి. ఎంతో పేరున్న .30-30 మాత్రం ఈ కోవలోకి రాదు, దాని కేసుకి సీసాలా భుజం, మెడ ఉంటాయి. మీ రాష్ట్రం ఈ ఏడాది నిబంధనలు ఒకసారి చదువుకోండి.

స్ట్రెయిట్ వాల్ కేసుతో నేర్చుకోవడం నిజంగానే తేలిక. భుజం లేదు కాబట్టి దాన్ని ఎంత వెనక్కి నెట్టాలన్న లెక్క ఉండదు. పైన చెప్పిన మూడింటికీ అడుగున రిమ్ (బయటికి వచ్చిన అంచు) ఉంటుంది, ఛాంబర్‌లో, అంటే రైఫిల్‌లో తూటా పేలే చోట, కేసు ఆగేది దాని మీదే. డై అంటే ప్రెస్‌లో బిగించే, కేసుని నొక్కి రూపు దిద్దే అచ్చు. .357కీ .44కీ కార్బైడ్ డై తీసుకుంటే కేసులకి లూబ్రికెంట్ రాయక్కర్లేదు. .45-70 డైలు ఎక్కువగా స్టీలువే, దానికి రాయాల్సిందే. రాయకపోతే కేసు డైలో ఇరుక్కుపోతుంది.

కానీ తేలిక అన్నదాంట్లోనే ఒక ప్రమాదం ఉంది. ఈ కేసులు లోపల విశాలంగా ఉంటాయి. త్వరగా కాలే పౌడర్ కొంచెం పోస్తే అడుగున ఎక్కడో ఉంటుంది. పొరపాటున రెండోసారి పోసినా కేసు నిండదు, కంటికి తేడా తెలియదు. అలాంటి తూటా రైఫిల్‌ని పగలగొట్టగలదు, చేతిని, కంటిని పోగొట్టగలదు. ప్రోగ్రెసివ్‌లో ఒక్క లాగుకి నాలుగైదు పనులు ఒకేసారి జరుగుతాయి. చెయ్యి అలవాటు పడనివారి దృష్టి దేనిమీదో తెలియదు. సింగిల్ స్టేజ్‌లో అయితే పౌడర్ పోసిన కేసులన్నీ ట్రేలో నిలబెట్టి, టార్చ్ వేసి ఒక్కొక్కదాంట్లోకి చూసి, అప్పుడే బుల్లెట్ పెట్టొచ్చు. కేసుని సగానికి పైగా నింపే పౌడర్ ఎంచుకుంటే ఇంకా మంచిది, రెండోసారి పోస్తే పొంగి బయటపడుతుంది.

డై సెట్‌లో మామూలుగా మూడు ఉంటాయి. మొదటిది పాత ప్రైమర్ తీసేసి కేసుని మళ్లీ సైజుకి తెస్తుంది. రెండోది మూతిని కాస్త విప్పుతుంది. బుల్లెట్ గీసుకోకుండా నిలబడేంత విప్పితే చాలు. ఎక్కువ విప్పితే మూతి దగ్గర కేసు త్వరగా చీలిపోతుంది. మూడోది బుల్లెట్‌ని కూర్చోబెట్టి క్రింప్ చేస్తుంది, అంటే కేసు మూతిని బుల్లెట్ మీదికి బిగిస్తుంది.

ఈ క్రింప్ దగ్గర లీవర్ రైఫిల్ వాళ్లు మిగతావారికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. బారెల్ కింది గొట్టం మ్యాగజైన్‌లో తూటాలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. ముందు నుంచి స్ప్రింగ్ వెనక్కి నెడుతుంది, కాల్చినప్పుడల్లా రీకాయిల్ (రైఫిల్ వెనక్కి తన్నడం) కుదుపుతుంది. క్రింప్ వదులుగా ఉంటే బుల్లెట్ కేసులోకి దిగిపోతుంది. లోపల జాగా తగ్గితే ప్రెజర్ పెరుగుతుంది. అందుకే బుల్లెట్ చుట్టూ ఉన్న గాడిలోకి రోల్ క్రింప్ (మూతి అంచుని లోపలికి వంచేది) గట్టిగా పడాలి. కేసులన్నీ ఒకే పొడవున లేకపోతే ఒకదానికి గట్టిగా, ఇంకోదానికి వదులుగా పడుతుంది. కాబట్టి కేసుల్ని ఒకే పొడవుకి కోసే ట్రిమ్మర్ కొనండి. ప్రెస్ మీద ఆదా చేసినా దీనిమీద చెయ్యకండి.

మొన బుల్లెట్లు గొట్టం మ్యాగజైన్‌లో వద్దే వద్దు. ఒక తూటా మొన ముందుదాని ప్రైమర్‌కి ఆనుకుని ఉంటుంది. రీకాయిల్‌కి అది పేలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ముందు భాగం చదునుగా ఉన్న బుల్లెట్లే వాడాలి, లేదా ఈ పని కోసమే మెత్తటి ప్లాస్టిక్ మొనతో చేసిన హార్నడీ ఎఫ్‌టీఎక్స్ లాంటివి. ఎఫ్‌టీఎక్స్ పొడవు ఎక్కువ. .45-70లో దానికోసం కేసుని మామూలు 2.105 అంగుళాల నుంచి 2.040కి కోయాలి. ఆ కేసుల్ని వేరే డబ్బాలో పెట్టుకోండి.

.45-70 కొన్నవారికి ఇంకో మాట. ఈ తూటా 1873లో అమెరికా సైన్యం తీసుకున్నది. అప్పటి, బలం తక్కువైన ట్రాప్‌డోర్ రైఫిళ్లు ఇంకా ఉన్నాయి కాబట్టి మాన్యువల్స్‌లో (ఎంత పౌడర్ పొయ్యాలో చెప్పే పుస్తకాల్లో) దీనికి మామూలుగా మూడు వేరువేరు పట్టికలు ఉంటాయి: ట్రాప్‌డోర్‌కి, ఈనాటి లీవర్ రైఫిళ్లకి, రూగర్ నంబర్ వన్ లాంటి గట్టి సింగిల్ షాట్లకి. మూడోది చూసి లీవర్ రైఫిల్‌కి లోడ్ చెయ్యకూడదు. పేజీ తిప్పినప్పుడల్లా పైన ఏం రాసిందో చదవండి.

అందుకే ఫోన్‌లో, వాట్సాప్‌లో "ఎన్ని గ్రెయిన్ల పౌడర్ పొయ్యాలి?" అని అడిగితే మేం చెప్పం. నొచ్చుకోకండి. ఒక అంకె తప్పు వినబడితే చాలు. పౌడర్ కంపెనీ లేదా బుల్లెట్ కంపెనీ ఇచ్చిన తాజా పట్టిక తీసుకుని, అందులోని స్టార్టింగ్ లోడ్ నుంచి మొదలుపెట్టండి. తక్కువ పోస్తే ఎప్పుడూ సురక్షితమే అనుకోవద్దు. హాడ్జ్‌డన్ కంపెనీ హెచ్110 పౌడర్‌ని బాగా తగ్గించి వాడొద్దని ఆ కంపెనీయే చెబుతుంది. ప్రైమర్ రకం కూడా పట్టికలో ఉన్నదే వాడాలి. .44కి లార్జ్ పిస్టల్, .45-70కి లార్జ్ రైఫిల్. ఒకదాని బదులు ఇంకోటి కుదరదు.

డబ్బు ఆదా సంగతి దాచకుండా చెబుతున్నాను. ఏడాదికి ఒకటి రెండు డబ్బాలు కాల్చేవారైతే ఫ్యాక్టరీ తూటాలే కొనుక్కోండి, ప్రెస్ ఖర్చు తిరిగి రాదు. తరచుగా రేంజ్‌కి వెళ్లేవారికి, .45-70 లాంటి ఖరీదైన తూటా వాడేవారికి, తేలికపాటి రీకాయిల్ కావాలనుకునేవారికి ఇది నిజంగా పనికొస్తుంది. పౌడర్, ప్రైమర్లు ఒకే ఆర్డర్‌లో పెడితే హజ్‌మ్యాట్ (ప్రమాదకర సరుకు రవాణా) ఫీజు ఒక్కసారే పడుతుంది. రెండూ వాటి అసలు డబ్బాల్లోనే, వేడికి దూరంగా, పిల్లలకి అందకుండా ఉంచండి. చేసిన తూటాలు స్నేహితులకి అమ్మాలనుకుంటే దానికి ఫెడరల్ లైసెన్స్ కావాలి.

ఇప్పటికే ప్రోగ్రెసివ్‌కి డబ్బు కట్టి, ఇంకా పార్సిల్ అందని కొత్తవారు చెప్తే పూర్తి డబ్బు తిరిగి ఇస్తాం, లేదా సింగిల్ స్టేజ్‌కి మార్చి మిగతాది వాపసు చేస్తాం. సింగిల్ స్టేజ్ కొన్నవారికి మొదటి పాఠం షాపులోనే, ఉచితంగా. ఆరోజు ప్రైమర్, పౌడర్ లేని డమ్మీ తూటాలు మాత్రమే చేస్తాం. రైఫిల్ ఖాళీగా, యాక్షన్ తెరిచి తీసుకురండి. మీరు చేసిన డమ్మీలు మీ లీవర్‌లో సాఫీగా ఎక్కుతున్నాయో లేదో అక్కడే చూసుకుని, పొడవు సరిచేసుకుని ఇంటికి వెళ్లొచ్చు.