ట్యాపింగ్‌కు జడ్జి సంతకం ఉండాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

2024లో తెలంగాణ ఫోన్ ట్యాపింగ్ కేసు బయటపడ్డప్పటి నుంచి మా తమ్ముడికి ఒక అలవాటు వచ్చింది. హనుమకొండ నుంచి ఫోన్ చేస్తాడు, పొలం సంగతి ఎత్తుతాడు, అంతలోనే గొంతు తగ్గించి "ఫోన్‌లో వద్దులే అన్నా, వచ్చాక మాట్లాడుకుందాం" అంటాడు. దాచాల్సింది ఏమీ లేదు. అయినా ఆ టెన్షన్ పోవడం లేదు. ఎవరు వినమన్నారు, ఎవరి ఫోన్లు విన్నారు అని పత్రికల్లో రోజూ చదువుతున్నాం. అసలు వినడానికి అనుమతి ఇవ్వాల్సింది ఎవరన్న చర్చ మాత్రం పెద్దగా కనిపించదు.

ఈ ప్రశ్నకు అమెరికాలో 1971లోనే ఒక జడ్జి జవాబు చెప్పారు. ఆయన పేరు డేమన్ కీత్. డెట్రాయిట్‌లో 1922లో పుట్టిన నల్లజాతి బిడ్డ. తండ్రి ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీలో కార్మికుడు. నల్లవాళ్లను వేరుగా ఉంచిన సైన్యంలో పనిచేసి వచ్చి, 1949లో హోవర్డ్ యూనివర్సిటీలో లా పూర్తిచేశారు. లాయర్ పరీక్షకు చదువుకుంటూనే పొట్టకూటికి డెట్రాయిట్ న్యూస్ పత్రికాఫీసులో బాత్రూములు తుడిచేవారు. ఒకరోజు పని మధ్యలో లా పుస్తకం చూస్తుంటే ఒక తెల్ల విలేకరి ఏం చదువుతున్నావని అడిగాడట. లాయర్‌నవుతానని చెబితే, "నల్ల లాయరా? తుడుస్తూ ఉండు" అన్నాడట. కీత్ పెద్ద జడ్జి అయ్యాక కూడా ఈ సంగతి చెప్పుకునేవారు. ఒక చేతిలో మాప్, ఒక చేతిలో పుస్తకం. ఆయన గురించి ఎప్పుడు చదివినా నాకు ముందు కనిపించేది అదే.

1967లో ప్రెసిడెంట్ జాన్సన్ ఆయన్ను ఫెడరల్ జిల్లా జడ్జిని చేశారు. డెట్రాయిట్ దగ్గరి ఆన్ ఆర్బర్ ఊళ్లో అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ ఆఫీసు మీద జరిగిన బాంబు దాడి కేసు ఆయన ముందుకొచ్చింది. నిందితుల్లో ఒకరి ఫోన్ మాటలు జడ్జి ఇచ్చే వారంట్ లేకుండా విన్నామని ప్రెసిడెంట్ నిక్సన్ ప్రభుత్వమే ఒప్పుకుంది. దేశభద్రత విషయం కాబట్టి ప్రభుత్వంలోనే న్యాయశాఖ పెద్ద అయిన అటార్నీ జనరల్ అనుమతి చాలు, జడ్జితో పనిలేదని వాదించింది. కీత్ ససేమిరా అన్నారు. విన్నదంతా నిందితుడికి చూపించమన్నారు. ప్రభుత్వం ఏకంగా ఆయన మీదే పై కోర్టుకు వెళ్లింది, అందుకే దానికి కీత్ కేసు అనే పేరు నిలిచిపోయింది. 1972 జూన్ 19న సుప్రీంకోర్టు 8-0తో కీత్ మాటే నిలబెట్టింది. తీర్పు రాసిన జస్టిస్ పావెల్‌ను నియమించింది నిక్సనే. మాటలు దొంగచాటుగా వినే పరికరాల కోసం వాటర్‌గేట్ భవనంలోని ప్రతిపక్ష పార్టీ ఆఫీసులో దూరినవాళ్లు పట్టుబడి అప్పటికి రెండు రోజులే అయింది.

1977లో ప్రెసిడెంట్ కార్టర్ కీత్‌ను ఆరో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టుకు పంపారు. సెప్టెంబర్ 11 దాడుల తర్వాత కొందరు వలసదారులను దేశం నుంచి పంపేసే విచారణలు తలుపులు మూసి జరిపారు. డెట్రాయిట్ పత్రికలు కోర్టుకెక్కాయి. 2002లో, 80 ఏళ్ల వయసులో, "మూసిన తలుపుల వెనక ప్రజాస్వామ్యాలు చచ్చిపోతాయి" అని కీత్ తీర్పులో రాశారు. అదే ఏడాది మరో అప్పీళ్ల కోర్టు దీనికి విరుద్ధంగా చెప్పిన మాటా నిజమే. వీసాల మీద మన పిల్లలు ఎంతోమంది అక్కడ ఉన్నారు కనుక ఈ గొడవ మనకేమీ దూరం కాదు. 2019లో 96 ఏళ్లకు కన్నుమూసేదాకా ఆయన జడ్జిగానే ఉన్నారు.

మన దగ్గర 1996లో పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు ట్యాపింగ్‌కు హోం కార్యదర్శి ఆర్డరు, దాని మీద సమీక్ష కమిటీ తప్పనిసరి చేసింది. చట్టంలో లేదు కాబట్టి ముందే జడ్జి పరిశీలన పెట్టలేమని కూడా అదే తీర్పులో చెప్పింది. అంటే చట్టం మార్చాల్సింది పార్లమెంటు. 2023లో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది, 2024 డిసెంబర్‌లో నిబంధనలూ వచ్చాయి. వాటిలోనూ జడ్జి లేడు. రాష్ట్రంలో ఆర్డరిచ్చేది హోం కార్యదర్శి, దాన్ని సమీక్షించే కమిటీకి పెద్ద చీఫ్ సెక్రటరీ. ఇద్దరూ ఒకే ప్రభుత్వం కింద పనిచేసేవాళ్లే.

అధికారులంతా చెడ్డవాళ్లని నేను అనను. అర్ధరాత్రి బాంబు సమాచారం వస్తే జడ్జి కోసం ఆగాలా అని అడుగుతారు. అక్కర్లేదు. విదేశీ గూఢచర్యం కేసుల కోసం అమెరికా 1978లో పెట్టిన ప్రత్యేక కోర్టు పద్ధతిలో, అత్యవసరమైతే ముందు విని, ఆ వెంటనే జడ్జి దగ్గరికి వెళ్లే వీలుంది. మనమూ అలా రాసుకోవచ్చు.

రెండు రాష్ట్రాల ఎంపీలు ఏ పార్టీవారైనా సరే, ఈ సవరణ కోసం పార్లమెంటులో అడగాలి. ఒక్కొక్కరినీ పేరుపేరునా అడిగి, వాళ్లేమన్నారో మీ పత్రికలో వేయమని నా మనవి.

మీ పాఠకుడు,
హైదరాబాద్